టిక్కు లేని వరుస

వజ్రకరూరు చేలల్లో తొలకరి పడితే
జనం నడుం వంచి వజ్రం కోసం వెతుకుతారు.
నేను రోజూ తెల్లారే నడుం వంచి
బండి కింద నూనె చుక్క కోసం వెతుకుతాను.
వాళ్లకు దొరక్కపోతే బాధ.
నాకు దొరికితే.

పద్నాలుగేండ్ల డీజిల్ ఇండికా.
ఆదోనిలో ఒక లెక్కల అయ్యవారి దగ్గర కొన్నాను,
తొంభై ఐదు వేలు, అందులో నలభై పొదుపు సంఘం అప్పు.
వెనక సీటు పీకేసి నైటీలు పేర్చినాను.
పామిడిలో సరుకెత్తుకుని సంతసంతకూ తిరుగుతా
రంగు పోదని ఒట్టేసి అమ్మే గుడ్డలు,
ఎప్పుడేం పోతుందో తెలీని బండి.

అయ్యవారు తాళంతో పాటు ఒక నోటుబుక్కు ఇచ్చినాడు.
నీలం సిరా, స్కేలు పెట్టి గీసిన మార్జిను,
కిలోమీటర్లు ఒక పక్క, రూపాయలు ఒక పక్క.
ఆయిలు మార్చడమైనది. టిక్కు.
ముందు బ్రేకు ప్యాడ్లు. టిక్కు.
హీటరు ప్లగ్గులు నాలుగూ. టిక్కు.
చిట్టచివరి వరుస:
టైమింగ్ బెల్టు మార్చవలెను.
అంతే. తర్వాతంతా తెల్ల కాగితం.

హుసేన్ పీరా కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చదివినాడు.
వాళ్ల నాయన గుంతకల్లు డీజిల్ షెడ్డులో ఫిట్టరు,
ఇంజను దగ్గితే జబ్బు పేరు చెప్పే ఇల్లు అది.
"బెల్టు చెప్పి తెగదు తిప్పక్కా.
బేరింగు ఏడుస్తుంది, క్లచ్చు కాలిన వాసనన్నా ఇస్తుంది,
ఇది మాత్రం మంచోళ్ల మాదిరి
మూగగా ఉండి ఒకటేసారి తెగుతుంది.
తెగిందా, ఇంజను తూకానికి అమ్ముకోవాల్సిందే."
"ఇప్పుడెట్లుందో చూడు మరి."
"చూడాలంటే విప్పాల.
విప్పి, మార్చి, మూయనీకి ఐదు వేల ఆరునూర్లు."

అయ్యవారికి ఫోను చేసినాను.
"అట్లా రాసినానా?"
అవతల కుక్కరు మూడు కూతలు కూసిందాకా ఆలోచించినాడు.
"మార్చినట్టే గుర్తమ్మా...
కాదు కాదు, అది స్కూటరు క్లచ్చు వైరేమో."

ఆ నెల ఐదు వేల ఆరునూర్లు లేవు. పై నెలా లేవు.
నా చెవులు బండివైపోయినాయి.
రేడియో కట్టేసినాను.
పక్కన కూచుని ఆడబిడ్డ తన కాపురం కష్టం చెప్తుంటే
"ఉండు" అని చెయ్యెత్తి ఇంజను విన్నాను,
మూడు వారాలు మాట్లాడలేదు ఆమె.
పెన్న వంతెన మీద
కింద ఇసక, వెనక లారీ హారను,
నేను మాత్రం అరవై దాటకుండా
బొటనవేలితో బతిమాలుకుంటా.
చలిపొద్దున తాళం తిప్పితే
హీటరు దీపం ఆరేదాకా ఊపిరి బిగబట్టడం.
నల్లపొగైతే డీజిలెక్కువ తాగుతోంది,
తెల్లగైతే నీళ్లు దిగినాయి,
నీలమైతే నూనె కాలుతోంది,
పీరా చెప్పిన ఈ మూడు రంగులూ
నేనమ్మే సరుకు రంగులకన్నా బాగా గుర్తు.
ఏ పొగా రాకుంటే
ఎందుకు రాలేదా అని.

ఉగాది బేరాల డబ్బుతో విప్పించినాను.
పీరా మూత తీసి, టార్చి కొట్టి,
ఎంతసేపటికీ మాట్లాడడే!
"నువ్వే వచ్చి చూడుపో."
కొత్త బెల్టు.
పొద్దున్నే తోముకున్నట్టుండాయి పళ్లు,
వీపు మీద కంపెనీ అచ్చు కూడా చెదరలేదు.
మార్చినాడు మహానుభావుడు, టిక్కు మరిచినాడు.
లెక్కల అయ్యవారు!
ముందు పీరా నవ్వినాడు.
కూలి ఎనిమిది నూర్లు తీసుకుని మూసేసినాడు.

నీలం పెన్ను దొరకలేదు.
అట్టముక్కల మీద ధరలు రాసే ఎర్ర స్కెచ్చుతో
ఆ వరుస పక్కన నేనే పెట్టినాను, పెద్దది.

ఆ రాత్రి రేడియో పెట్టుకుని, అద్దం దించుకుని వస్తున్నానా,
గార్లదిన్నె దాటినాక
ఎడం పక్క ముందు చక్రంలోనో
నా చెవిలోనో
టిక్కు... టిక్కు... టిక్కు.

రేడియో తగ్గించినాను.